తూర్పు భారత చిరుతబల్లి

తూర్పు భారత చిరుతబల్లి నేల మీద బతికే చిన్న నిశాచర సరీసృపం. శాస్త్రీయ నామం యూబ్లెఫారిస్ హార్డ్‌విక్కీ. తోకతో కలిపి జానెడు పొడవుంటుంది. ముదురు గోధుమ రంగు ఒంటి మీద లేత పసుపు పట్టీలు, బొద్దుగా ఉండే తోక, మూసి తెరవగల కనురెప్పలు దీని ప్రధాన గుర్తులు. ఛోటా నాగపూర్ పీఠభూమి, దాని చుట్టుపక్కల కొండ అడవులు దీని నెలవు. జంషెడ్‌పూర్ నగరంలోని బారిడీహ్, నగరానికి ఉత్తరాన నిలిచిన దలమా కొండలు ఈ బల్లి వ్యాపించిన ప్రాంతంలోకే వస్తాయి.

ఈ బల్లికి విషం లేదు. మనిషికి హాని చేసే శక్తి ఏదీ లేదు. అయినా రెండు కారణాల వల్ల మనుషుల చేతుల్లో నష్టపోతోంది. విషప్రాణి అనుకుని చూసినవాళ్లు చంపుతారు. అందంగా ఉందని, పెంచుకోవచ్చని మరికొందరు పట్టుకుపోతారు. దీని దగ్గరి బంధువైన మచ్చల చిరుతబల్లి ప్రపంచంలో ఎక్కువగా పెంచుకునే సరీసృపాలలో ఒకటి కావడంతో ఈ రెండో ముప్పు పెరిగింది. అందువల్ల అడవిలో దీని బతుకు, ఇంట్లో దాని బంధువు పెంపకం రెండూ కలిపి తెలుసుకోవడం అవసరం.

వర్గీకరణ, నామకరణం

మన ఇళ్లలో గోడల మీద తిరిగే బల్లులు గెక్కోనిడే కుటుంబానివి. చిరుతబల్లులు యూబ్లెఫారిడే అనే వేరే కుటుంబానివి. రెండూ బల్లులే అయినా చాలా పూర్వమే విడిపోయిన శాఖలు.

బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన జాన్ ఎడ్వర్డ్ గ్రే 1827లో ఈ జాతిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఈస్టిండియా కంపెనీ బెంగాల్ ఫిరంగిదళంలో సైనికాధికారిగా ఉంటూ భారతదేశపు జంతువుల బొమ్మలను, నమూనాలను పెద్ద ఎత్తున సేకరించిన థామస్ హార్డ్‌విక్ (1756–1835) పేరు దీనికి పెట్టాడు. 1854లో ఎడ్వర్డ్ బ్లైత్ పంజాబ్ సాల్ట్ రేంజ్ కొండల నుంచి వచ్చిన నమూనా ఆధారంగా మచ్చల చిరుతబల్లిని (యూబ్లెఫారిస్ మాక్యులారియస్) వర్ణించాడు. బ్లైత్ అప్పట్లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం బాధ్యతలు చూసేవాడు.

2022 నాటికి ఈ ప్రజాతిలో ఏడు జాతులను గుర్తించారు. ఇరాన్, ఇరాక్, టర్కీ ప్రాంతాల్లో ఒకటి, తుర్క్‌మెనిస్తాన్ వైపు ఒకటి ఉన్నాయి. మచ్చల చిరుతబల్లి ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతంలో ఉంటుంది. గుజరాత్, మహారాష్ట్రల్లో పశ్చిమ భారత చిరుతబల్లి, మధ్యప్రదేశ్‌లో 2014లో వర్ణించిన సాత్పురా చిరుతబల్లి ఉన్నాయి. తూర్పు వైపు మిగిలినవి రెండు. ఒకటి ఈ వ్యాసంలోని హార్డ్‌విక్ చిరుతబల్లి, రెండోది పిక్టస్ అనే రంగుల చిరుతబల్లి.

బ్రాహ్మణి నదికి అటూ ఇటూ

ఉత్తరాంధ్ర, ఒడిశా, జార్ఖండ్ అడవుల్లో కనిపించే పట్టీల బల్లులన్నీ ఒకే జాతి అని చాలాకాలం అనుకున్నారు. జీషాన్ మీర్జా, చంద్రశేఖరుని జ్ఞానేశ్వర్ కలిసి 2022లో ‘ఎవల్యూషనరీ సిస్టమాటిక్స్’ పత్రికలో ప్రచురించిన పరిశోధన ఈ అభిప్రాయాన్ని మార్చింది. ఒడిశాలోని బ్రాహ్మణి నదికి దక్షిణాన ఉన్న బల్లులకూ ఉత్తరాన ఉన్నవాటికీ జన్యువుల్లో గట్టి తేడా ఉందని, శరీర లక్షణాల్లోనూ సూక్ష్మమైన తేడాలున్నాయని వారు చూపారు. దక్షిణాన తూర్పు కనుమల్లో, అంటే దక్షిణ ఒడిశా, ఉత్తరాంధ్ర అడవుల్లో ఉన్నదానికి యూబ్లెఫారిస్ పిక్టస్ అని పేరు పెట్టారు. ఉత్తరాన ఉన్నదానికి పాత పేరే నిలిచింది.

జంషెడ్‌పూర్ తెలుగువారికి ఈ సరిహద్దు పరిచయమైనదే. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడిన తరువాత శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఎన్నో కుటుంబాలు పని కోసం ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరం ఆ వలసకు గుర్తు. తూర్పు తీర రైలు మార్గంలో సొంతూరికి వెళ్లేటప్పుడు కటక్ చేరకముందే జేనాపూర్ దగ్గర రైలు ఎక్కే పెద్ద వంతెన బ్రాహ్మణి నది మీదిదే. ఆ నదికి ఒక ఒడ్డున పుట్టిన ఊరి చిరుతబల్లి, మరో ఒడ్డున ఉపాధి ఇచ్చిన ఊరి చిరుతబల్లి ఉన్నాయి. రెండు జాతులూ తెలుగువారి ఇరుగుపొరుగే.

శరీర లక్షణాలు

తల వెడల్పుగా, మెడ దగ్గర కాస్త సన్నబడి ఉంటుంది. తల వెనుక నుంచి మెడ చుట్టూ లేత రంగు పట్టీ, వీపు మధ్యలో మరో పట్టీ, తోక మీద వరుసగా పట్టీలు ఉంటాయి. వాటి మధ్య భాగమంతా ముదురు గోధుమ రంగు, ఒక్కోసారి దాదాపు నలుపు. చర్మం మీద చిన్న చిన్న పొలుసుల నడుమ గుండ్రటి బుడిపెలు లేచి ఉంటాయి. పిల్లల్లో ఈ రంగులు మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. మచ్చల చిరుతబల్లి పిల్లలకు కూడా పుట్టినప్పుడు పట్టీలే ఉంటాయి. పెరిగేకొద్దీ అవి చెదిరి మచ్చలవుతాయి. హార్డ్‌విక్ చిరుతబల్లి మాత్రం పెద్దయ్యాక కూడా పట్టీలతోనే ఉంటుంది.

గోడబల్లికీ దీనికీ తేడా చూడాలంటే మొదట కళ్లు, తరువాత పాదాలు గమనించాలి. గోడబల్లికి కదిలే రెప్పలు లేవు. కంటిని పారదర్శకమైన పొర కప్పి ఉంటుంది, దాన్ని నాలుకతో తుడుచుకుంటుంది. చిరుతబల్లికి పైరెప్ప, కిందిరెప్ప రెండూ ఉన్నాయి. పగలు కళ్లు మూసుకుని నిద్రపోతుంది. కంటిపాప నిలువు చీలికలా ఉండి చీకట్లో విప్పారుతుంది.

ఇక పాదాల సంగతి. గోడబల్లి వేళ్ల అడుగున లక్షల సంఖ్యలో అతి సూక్ష్మమైన కేశాలు ఉంటాయి. అణువుల మధ్య పనిచేసే వాండర్‌వాల్స్ ఆకర్షణతో అవి గోడకు అంటుకుంటాయని కెల్లార్ ఆటమ్ బృందం 2000 సంవత్సరంలో మొదలుపెట్టిన ప్రయోగాలు రుజువు చేశాయి. చిరుతబల్లికి అలాంటి మెత్తలు లేవు. సన్నని వేళ్లు, వాటి చివర గోళ్లు ఉన్నాయి. రాళ్ల మీద, మొద్దుల మీద పాకుతుంది గానీ నున్నటి గోడ ఎక్కలేదు. కాబట్టి ఇంటి పైకప్పు మీద కనిపించేది ఎప్పటికీ చిరుతబల్లి కాదు.

చెవి రంధ్రాలు తలకు రెండు పక్కలా బయటికే కనిపిస్తాయి. వెలుతురు వైపు తల తిప్పినప్పుడు ఒక చెవి రంధ్రంలోంచి చూస్తే రెండోవైపు వెలుతురు కనిపించేంత సూటిగా ఉంటుంది ఆ దారి. దంతాలు జీవితాంతం ఊడి మళ్లీ మొలుస్తూనే ఉంటాయి.

ఆవాసం, బారిడీహ్ పరిసరాలు

హార్డ్‌విక్ చిరుతబల్లి జార్ఖండ్, ఉత్తర ఒడిశా, పశ్చిమ బెంగాల్‌లోని పడమటి జిల్లాలలో కనిపిస్తుంది. ఆకు రాల్చే అడవి, రాతి గుట్టలు, ముళ్లపొదలు, ఎండుటాకులు పేరుకున్న నేల దీనికి సరిపడతాయి. పగలు రాతి సందుల్లో, పడిపోయిన మొద్దుల కింద, పాత చీమపుట్టల్లో, ఎలుక బొరియల్లో దాక్కుంటుంది.

బారిడీహ్ ఇప్పుడు కాలనీలు, బస్తీలు, ఆస్పత్రి, వైద్య కళాశాలతో నిండిన నగర భాగం. అయితే సువర్ణరేఖ నది దాటి ఉత్తరంగా పోతే కొద్ది దూరంలోనే దలమా కొండలు మొదలవుతాయి. సుమారు 3 వేల అడుగుల ఎత్తు వరకు లేచే ఈ కొండల మీద సాల వృక్షాల అడవి ఉంది. శ్రీకాకుళం వైపు ఈ చెట్టునే గుగ్గిలం అంటారు. ఏనుగులకు పేరుపడ్డ దలమా వన్యప్రాణి అభయారణ్యం ఈ కొండల మీదే దాదాపు 193 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించింది. సందర్శకుల కళ్లు ఏనుగుల కోసం వెతుకుతాయి. రాత్రి అదే అడవి నేల మీద ఆకుల కింద చిన్న ప్రాణుల లోకం మేలుకుంటుంది.

ఈ ప్రాంతపు వాతావరణం కఠినమైనది. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది, చలికాలపు రాత్రుల్లో 10 డిగ్రీల దగ్గరికి పడిపోతుంది. జూన్ మధ్యలో రుతుపవనాలు వస్తాయి. శరీరపు వేడిని బయటి నుంచే పొందే ఈ ప్రాణికి బొరియే రక్ష. మండుటెండలో చల్లదనం, చలిలో వెచ్చదనం, ఎండిపోయిన నెలల్లో కాస్త తేమ అక్కడే దొరుకుతాయి. వెచ్చటి నెలల రాత్రుల్లో, ముఖ్యంగా వానలకు పురుగులు పెరిగినప్పుడు, బయట ఎక్కువగా తిరుగుతుంది.

ఆహారం, వేట

కీచురాళ్లు, మిడతలు, బొద్దింకలు, పేడపురుగులు, సాలీళ్లు, చిన్న తేళ్లు దీని ఆహారం. దొరికితే తనకన్నా చిన్న బల్లులను కూడా తింటుంది.

వేటాడే తీరు నిదానంగా ఉంటుంది. పొట్టను నేలకు తగలకుండా ఎత్తి పట్టి, నాలుగు కాళ్ల మీద నెమ్మదిగా నడుస్తుంది. నాలుకతో నేలను, రాళ్లను తాకి వాసన, రుచి పసిగడుతుంది. పిక్టస్ జాతి బల్లి ఇలా దారి పొడవునా నేలను నాకుతూ పోవడాన్ని మీర్జా, జ్ఞానేశ్వర్ ప్రత్యేకంగా నమోదు చేశారు. ఎర కనిపించగానే ఆగిపోతుంది. ఒళ్లు కదలదు, తోక చివర మాత్రం అటూ ఇటూ వణుకుతుంది. ఆ తరువాత ఒక్క ఉరుకు. పెరుగుతున్న పిల్ల తరచూ కుబుసం విడుస్తుంది. విడిచిన చర్మాన్ని నోటితో లాగి తినేస్తుంది. పోషకాలూ వృథా కావు, శత్రువుకు ఆనవాలూ మిగలదు.

గుడ్లగూబలు, కట్లపాముల వంటి పాములు, పునుగుపిల్లులు, ముంగిసలు దీనికి శత్రువులు.

తోక

చిరుతబల్లి తోక దాని ధాన్యాగారం. బాగా తిన్న కాలంలో కొవ్వు తోకలో చేరుతుంది. తిండి దొరకని నెలల్లో ఆ నిల్వ మీదే బతుకుతుంది. తోక లావును బట్టి బల్లి ఆరోగ్యం అంచనా వేయవచ్చు.

ఇంత విలువైన తోకను కూడా ప్రాణం మీదికి వస్తే వదిలేస్తుంది. వెన్నుపూసల్లో ముందే ఉన్న బలహీనమైన గీతల దగ్గర తోక తెగుతుంది, రక్తం పెద్దగా కారదు. తెగిన తోక చేసే పనిని తిమొతీ హైగమ్, ఆంథొనీ రస్సెల్ 2009లో మచ్చల చిరుతబల్లి మీద పరిశోధించారు. మెదడుతో సంబంధం తెగిపోయాక కూడా ఆ తోక ఊరికే ఊగడంతో సరిపెట్టదు. దిశ మారుస్తుంది, ఎగిరి పడుతుంది, మూడు సెంటీమీటర్ల ఎత్తు వరకు లేస్తుంది. ఈ కదలిక అరగంట దాకా సాగవచ్చు. శత్రువు తోకతో పెనుగులాడుతుండగా బల్లి తప్పించుకుంటుంది.

కొద్ది వారాల్లో కొత్త తోక మొలుస్తుంది. అందులో వెన్నుపూసలకు బదులు మృదులాస్థి కడ్డీ ఉంటుంది. ఆకారం పొట్టిగా, ముల్లంగి దుంపలా ఉంటుంది, పాత పట్టీల క్రమం తిరిగి రాదు. కొత్త తోకలో వెన్నుపాము కూడా కొంతవరకు తిరిగి పెరుగుతుంది. దెబ్బతిన్న వెన్నుపాము మనిషిలో ఎందుకు బాగుపడదో అర్థం చేసుకోవడానికి కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం వంటి చోట్ల మచ్చల చిరుతబల్లినే పరిశీలిస్తున్నారు. మచ్చల చిరుతబల్లి జన్యుక్రమం 2016లో వెలువడింది.

సంతానోత్పత్తి

ఆడబల్లి ఒక కాన్పుకు సాధారణంగా రెండు గుడ్లు పెడుతుంది. ఒకే రుతువులో ఇలా కొన్నిసార్లు పెట్టగలదు. గోడబల్లి గుడ్డు పెంకు సుద్దలా గట్టిగా ఉంటుంది. చిరుతబల్లి గుడ్డు పెంకు తోలులా మెత్తగా ఉండి చుట్టూ ఉన్న మట్టిలోంచి తేమ పీల్చుకుంటుంది. అందుకే గుడ్లను తడి ఉన్న చోట పాతిపెడుతుంది. తరువాత తల్లి వాటిని పట్టించుకోదు. బయటికి వచ్చిన పిల్ల మొదటి రోజు నుంచే తన బతుకు తానే చూసుకుంటుంది.

మచ్చల చిరుతబల్లిలో పిల్ల ఆడా మగా అన్నది గుడ్డు పొదిగిన వేడిని బట్టి తేలుతుంది. సుమారు 26 డిగ్రీల దగ్గర దాదాపు అన్నీ ఆడపిల్లలే. 32–33 డిగ్రీల దగ్గర ఎక్కువగా మగవి. ఇంకా పెరిగి 34–35 డిగ్రీలకు చేరితే మళ్లీ ఆడవే ఎక్కువ. భూమి వేడెక్కుతున్న కాలంలో ఇలాంటి ప్రాణుల సంతతి ఏమవుతుందన్నది జీవశాస్త్రవేత్తలు శ్రద్ధగా చూస్తున్న విషయం.

నమ్మకాలు, అపోహలు

హిందీ మాట్లాడే ప్రాంతాల్లో ‘బిస్‌ఖోప్రా’ అనే విషబల్లి గురించి పాతకాలం నుంచి భయం ఉంది. అది కరిస్తే మంత్రానికీ మందుకూ లొంగదని చెప్పుకుంటారు. ఉడుము పిల్లలను, చిరుతబల్లులను ఆ పేరుతోనే చంపుతుంటారు. 1886లో వెలువడిన హాబ్సన్–జాబ్సన్ నిఘంటువులోనూ ఈ భయం గురించిన నమోదు ఉంది. చీకట్లో టార్చి వెలుగులో నలుపు, పసుపు పట్టీలతో మెల్లగా కదిలే చిరుతబల్లిని చూస్తే, పట్టీల కట్లపాము గుర్తుకు వచ్చి భయం రెట్టింపవుతుంది. పట్టుకోబోతే నోరు తెరిచి చీదరింపుగా అరుస్తుంది కూడా. పాపం, దానికి ఉన్న ఆయుధం ఆ అరుపే.

వాస్తవం ఏమిటంటే, గోడబల్లులు, చిరుతబల్లులు చేరే గెకో సమూహంలో ఏ జాతి బల్లికీ విషం లేదు. విషపు కాటుతో మనిషిని ప్రమాదంలోకి నెట్టగలవని పేరుపడ్డ గిలా రాక్షసబల్లి, దాని బంధువైన పూసల బల్లి అమెరికా, మెక్సికో, గ్వాటెమాలాల్లో ఉంటాయి. మన దేశంలో విషపు కాటు వేసే బల్లి లేదు.

తెలుగువారికి బల్లితో ఉన్న అనుబంధం వేరే రకం. బల్లి పడితే ఫలితం చెప్పే బల్లిశాస్త్రం పంచాంగాల్లో ఇప్పటికీ అచ్చవుతోంది. దోషం పోవడానికి కంచి వరదరాజస్వామి ఆలయంలో బంగారు, వెండి తొడుగుల బల్లి బొమ్మలను తాకి వస్తారు. వాటిని తాకివచ్చినవారిని తాకినా చాలునని జంషెడ్‌పూర్ తెలుగు ఇళ్లలోనూ పెద్దలు చెబుతారు. నమ్మకం ఎవరికి వారిది. కానీ ‘బల్లి పడిన అన్నం విషమవుతుంది’ అన్నదాన్ని మాత్రం సరిగా అర్థం చేసుకోవాలి. బల్లి ఒంట్లో విషం లేదు. దాని పేగుల్లో, మలంలో సాల్మొనెల్లా వంటి బాక్టీరియా ఉండవచ్చు. ఆ ఆహారం పారేయడం సరైన పనే, కారణం విషం కాదు, సూక్ష్మజీవులు.

తిరుమల కొండల్లో, తూర్పు కనుమల్లో నిజంగానే బంగారు బల్లి ఉంది. 1870లో బెడ్డోమ్ వర్ణించిన కాలోడాక్టైలోడిస్ ఆరియస్ అది. చాలాకాలం కనుమరుగైందనుకున్న ఈ రాతిబల్లిని 1980లలో మళ్లీ గుర్తించారు. ఇదీ నిశాచరే. రాతి పగుళ్లలో, నీటి చెలమల దగ్గర ఉంటుంది. దీనికి చట్టంలో అత్యున్నత రక్షణ ఉంది.

పెంపుడు ప్రాణిగా చిరుతబల్లి

పెంపుడు లోకంలో చిరుతబల్లి అంటే దాదాపు ఎప్పుడూ మచ్చల చిరుతబల్లే. 1970ల నుంచి అమెరికాలోనూ తరువాత యూరప్‌లోనూ దాన్ని తరతరాలుగా బందీగా పెంచి పిల్లలు చేయిస్తున్నారు. నెమ్మదైన స్వభావం, గోడలెక్కి పారిపోని పాదాలు, కొద్ది స్థలంలో బతకగలగడం దాని ఆదరణకు కారణాలు. హార్డ్‌విక్ చిరుతబల్లిని అలా పెంచేవారు చాలా తక్కువ. దానికి మచ్చలదానికంటే ఎక్కువ తేమ కావాలి. కాబట్టి అమ్మకానికి పట్టీల చిరుతబల్లి కనిపిస్తే అడవి నుంచి వచ్చిందేమోనని గట్టిగా అనుమానించాలి.

సరైన సంరక్షణలో మచ్చల చిరుతబల్లి 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది. అంటే బడికి వెళ్లే పిల్లవాడు ముచ్చటపడి తెచ్చుకున్న బల్లి అతను ఉద్యోగంలో చేరేదాకా ఉంటుంది. దాని అవసరాలు ఇవి:

గూడు. ఒక పెద్ద బల్లికి మూడడుగుల పొడవు గాజుపెట్టె మంచిది. వెచ్చటి చివర ఒకటి, చల్లటి చివర ఒకటి, తడి నాచు ఉంచినది మరొకటి, మొత్తం మూడు దాగుడు చోట్లు కావాలి. తడి చోటు లేకపోతే కుబుసం సరిగా ఊడక వేళ్లకు చుట్టుకుని, రక్తం ఆడక వేళ్లు రాలిపోతాయి.

వేడి. ఒక చివర నేల 30–32 డిగ్రీలు, రెండో చివర 25 డిగ్రీల లోపు ఉండాలి. తనకు కావలసిన చోటికి అది జరుగుతుంది. వేడి పలకకు థర్మోస్టాట్ తప్పనిసరి. జంషెడ్‌పూర్ వంటి ఊళ్లో చలికాలంలో వేడి చేయడం ఎంత ముఖ్యమో, మే నెలలో గది వేడెక్కకుండా చూడడం అంతకన్నా ముఖ్యం. మూసిన గాజుపెట్టె మీద ఎండ పడితే లోపలి ప్రాణి గంటల్లో చచ్చిపోతుంది.

తిండి. ప్రాణంతో ఉన్న కీచురాళ్లు, బొద్దింకలు, పిండిపురుగులే దీని తిండి. ఆకుకూరలు, అన్నం తినదు. పురుగులకు కాల్షియం పొడి, విటమిన్ డి3 అద్ది ఇవ్వాలి. కాల్షియం చాలకపోతే ఎముకలు మెత్తబడి, కాళ్లు వంకరపోయి, దవడ వేలాడుతుంది. పెంపకంలో ఎక్కువగా కనిపించే జబ్బు ఇదే. తక్కువ తీవ్రత గల అతినీలలోహిత దీపం ఈ జబ్బును నివారించడానికి తోడ్పడుతుంది.

నేల. వదులుగా ఉండే ఇసుక పోస్తే పురుగుతో పాటు మింగి పేగు మూసుకుపోతుంది. పిల్లలకు, నీరసంగా ఉన్నవాటికి కాగితం పరచడం క్షేమం.

తోడు. రెండు మగవాటిని కలిపితే కొట్టుకు చస్తాయి. ఒంటరితనం వీటిని బాధించదు, ఒక్కదాన్ని పెంచడమే మేలు.

పెంచేవారి శుభ్రత. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. ఐదేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు ఉన్న ఇంట్లో సరీసృపాలను పెంచకపోవడం మంచిది.

క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి సోకితే బల్లి తింటున్నా చిక్కిపోతుంది, తోక పుల్లలా తయారవుతుంది. కొత్తగా తెచ్చిన బల్లిని మిగతావాటికి దూరంగా కొన్ని వారాలు ఉంచాలని చెప్పేది ఇందుకే. పైగా సరీసృపాలకు వైద్యం చేయగల పశువైద్యులు మన నగరాల్లో అరుదు. వైద్యుడు దొరకని ఊళ్లో ప్రాణిని తెచ్చుకోవడం దానికి అన్యాయం చేయడమే.

రంగుల కోసం పెంపకం, దాని మూల్యం

ఒకే జాతిలో కొత్త కొత్త రంగుల కోసం దగ్గరి బంధువులను జత కలుపుతూ పోవడంతో ఆల్బినో, టాంజెరిన్, బ్లిజార్డ్ వంటి ఎన్నో రకాలు పుట్టాయి. కొన్నింటికి ఆ అందం శాపమైంది. ఎనిగ్మా అనే రకంలో చాలా బల్లులు తల వాల్చి గుండ్రంగా తిరుగుతుంటాయి, ఎరను సరిగా పట్టలేవు. అది నాడీవ్యవస్థ లోపం. లెమన్ ఫ్రాస్ట్ అనే నిమ్మపండు రంగు రకం మీద కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన లాంగ్వా గువో, లియొనిడ్ క్రుగ్ల్యాక్ బృందం 2021లో ప్రచురించిన పరిశోధనలో, ఆ రంగుకు కారణమైన జన్యుమార్పుకూ చర్మపు కణితులకూ సంబంధం ఉందని తేలింది. ఆ రకం బల్లుల్లో 80 శాతానికి పైగా కణితులు వస్తాయి. ఈ అధ్యయనం మనుషుల చర్మ క్యాన్సర్ పరిశోధనకు ఉపయోగపడేదే. అయినా కణితి వస్తుందని తెలిసి తెలిసి ఆ రంగును అమ్మకానికి పుట్టించడం సమర్థించరానిది.

చట్టం

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 2022లో దాన్ని సవరించి షెడ్యూళ్లను తిరగరాశారు. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. షెడ్యూళ్లలో రక్షణ పొందిన జాతులను పట్టడం, చంపడం, అమ్మడం నేరం. అభయారణ్యంలోనైతే షెడ్యూలుతో నిమిత్తం లేకుండా ఏ వన్యప్రాణినీ అనుమతి లేకుండా బయటికి తీసుకుపోకూడదు. దలమా అడవిలోని చిరుతబల్లికి ఈ రక్షణ ఉంది.

అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం కిందికి మన బల్లులు ఒక్కొక్కటే వస్తున్నాయి. టోకే గెకో అనే బల్లిని 2019లో, తూర్పు కనుమల్లో 2010 ప్రాంతంలో మళ్లీ కనుగొన్న జైపూర్ కొండబల్లిని 2022లో రెండో అనుబంధంలో చేర్చారు. సైటిస్ జాబితాలోని విదేశీ జాతులు ఇంట్లో ఉన్నవారు వివరాలు నమోదు చేయించాలని కేంద్రం 2024లో నియమాలు జారీ చేసింది.

ముప్పులు

టోకే గెకో ఎయిడ్స్‌ను నయం చేస్తుందని, ఒక్కటి పట్టినా లక్షలు వస్తాయని కొన్నేళ్ల క్రితం పుకారు పుట్టింది. అందులో రవ్వంత నిజం లేదు. అయినా ఆ ఆశతో ఈశాన్య భారతంలోనూ తూర్పు రాష్ట్రాల్లోనూ ఎందరో బల్లుల వేటలో పడి చివరికి జైలుపాలయ్యారు. రూపంలో భిన్నంగా కనిపించే ఏ బల్లికైనా ఇలాంటి పుకారు ప్రాణాంతకమే.

అడవి నిప్పు రెండో ముప్పు. వేసవి మొదట్లో ఇప్పపువ్వు ఏరుకోవడానికి వీలుగా చెట్ల కింద ఆకులు తగలబెట్టడం జార్ఖండ్ అడవుల్లో అలవాటు. ఆ నిప్పు అదుపు దాటిపోతే ఏనుగు పక్కకు తప్పుకుంటుంది, పక్షి ఎగిరిపోతుంది. ఆకుల కింద పడుకున్న బల్లికి అంత వ్యవధి ఉండదు. బొరియలో ఉండి బతికినా, పైన పురుగులు కాలిపోయాక దానికి తిండి ఉండదు. ఇప్పచెట్టు కింద వల పరిచి పువ్వు పట్టే పద్ధతి వ్యాపిస్తే ఏరేవారికి శుభ్రమైన పువ్వు దక్కుతుంది, అడవి నేలా మిగులుతుంది.

రాతి క్వారీలు, రాత్రిపూట రోడ్ల మీద వాహనాలు, నగరం కొండల వైపు విస్తరించడం మిగిలిన ముప్పులు.

కనిపిస్తే చేయవలసింది

పెరట్లోనో ఊరి అంచు దారిలోనో పట్టీల చిరుతబల్లి కనిపిస్తే కర్ర తీయవద్దు. పట్టుకోవద్దు, తోక తెగిపోతుంది. దూరం నుంచి ఫొటో తీసుకోండి, ఎప్పుడు ఎక్కడ కనిపించిందో రాసుకోండి, దాని దారిన దాన్ని పోనివ్వండి. ఇంట్లోకి వస్తే వెడల్పు డబ్బాలోకి తోలి దగ్గరి పొదల్లో వదలండి, లేదా అటవీశాఖకు కబురు చేయండి. పిల్లలకు చూపించి, ‘దీనికి విషం లేదు, బొద్దింకలు తింటుంది’ అని చెప్పండి. బల్లిని పెంచుకోవాలనే కోరిక బలంగా ఉంటే చట్టబద్ధంగా బందీగా పుట్టినదాన్ని, ఇరవై ఏళ్ల బాధ్యతకు సిద్ధపడ్డాకే తెచ్చుకోండి. అడవిలోని చిరుతబల్లి మాత్రం అడవిలోనే ఉండాలి.